మా బావ సర్టిఫికెట్ ఇవ్వని కత్తుల సినిమా

మా ఇంట్లో ఎవరైనా సినిమాకు పోవాలంటే రెండు సెన్సార్లు దాటాలి. ఒకటి గవర్నమెంటుది. రెండోది మా బావ మల్లికార్జునది. మొదటిదాన్ని దాటే సినిమాలు ఏడాదికి వందలు. నేను బి.ఎడ్. చదవడానికి హిందూపురంలో అక్క ఇంటికి వచ్చిన ఈ ఏడాదిన్నరలో రెండోదాన్ని దాటినవి రెండే రెండు. ఒకటి దేవుడి సినిమా. ఇంకోదాంట్లో హీరో కుక్క.

దీనికి మూలం మా అవ్వ రామాంజినమ్మ. ఒకసారి బావ ఆమెను ముచ్చటపడి ఏసీ థియేటర్‌కు పిలుచుకుపోయినాడు. పాట వచ్చింది. మంచు కొండల్లో హీరోయిన్ చేతిగుడ్డంత బట్ట కట్టుకుని గెంతుతోంది. హాలంతా గుడ్లప్పగించి చూస్తుంటే మా అవ్వ గొంతు మోగింది.

"ఏమప్పా మల్లికార్జునా, ఆ పిల్లకు చలి పెట్టదా? మన ధర్మవరం నుంచి ఒక చీరన్నా పంపిద్దామా?"

బాల్కనీ మొత్తం వెనక్కి తిరిగి బావను చూసింది. ఆ రోజే ఇంట్లో చట్టం వచ్చింది. ఏ సినిమా అయినా ముందు బావ చూస్తాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిందో కాదో తేలుస్తాడు. తర్వాతే మేము.

ఆ చట్టం పుణ్యాన బావ ప్రతి సినిమా మొదటి రోజు మొదటి ఆట చూస్తాడు, కుటుంబ క్షేమం కోసం. తోడు ఆయన స్నేహితుడు జయరాముడు. ఊళ్లో అందరూ ఆయన్ను ఈల జయరాముడంటారు. ఆయన ఈల వేస్తే రైల్వే స్టేషన్‌లో గార్డు పచ్చజెండా ఊపుతాడని చెప్పుకుంటారు. ఆట చూసి ఇంటికొచ్చి బావ చెప్పులు విప్పకముందే పెదవి విరుస్తాడు.

"ఫ్యామిలీతో చూడదగింది కాదు ఝాన్సీ."

ఝాన్సీ మా అక్క. "పాపం, మా కోసం ఎన్ని పాడు సినిమాలు చూస్తాండావప్పా! నీ కండ్లు ఏమైపోతాయో ఏమో," అంటుంది. ఆ మాట జాలితో అన్నదో ఇంకెందుకన్నదో బావకు ఇప్పటికీ తెలీదు.

ఇట్లా ఉండగా 'బురుజు వీరుడు' వచ్చింది.

అది పాత రాజుల కాలం కథ. ఏనుగులు, గుర్రాలు, కత్తియుద్ధాలు. అదంతా ఒక ఎత్తు. పోయిన ఎండాకాలం ఆ సినిమా షూటింగు పదిరోజులు మా పెనుకొండ కోటలో జరిగింది. అది ఇంకో ఎత్తు. హిందూపురంలో చింతపండు మార్కెట్ నుంచి బస్టాండు దాకా ఎక్కడ నలుగురు నిలబడినా అదే మాట. మా కాలేజీలో ఒకమ్మాయి, పోస్టర్‌లో హీరో వెనక కనిపించే బండ తమ పెదనాన్న చేను పక్కదేనని మూడురోజులు పాఠం చెప్పింది.

అందరికన్నా ఎక్కువ ఉబలాటం మా అవ్వకే. ఆమె ధర్మవరంలో మా నాయన దగ్గర ఉంటుంది. మోకాళ్ళకు కరెంటు పెట్టించుకోవడానికి అక్క ఇంటికి వచ్చింది. పుట్టిల్లు పెనుకొండ.

ఆ సినిమా పేరెత్తితే చాలు, మా బావ ముఖం మాత్రం ఒకసారి వెలిగేది, మరుక్షణం ఆరిపోయేది. కరెంటు ఊగిసలాడే సాయంత్రం బల్బు మాదిరి.

ఎందుకో నాకు తెలుసు.

పోయిన ఎండాకాలంలోనే ధర్మవరంలో మా నాయన శంకరప్ప కొత్త మగ్గం ఎక్కించినాడు. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం కొత్త మగ్గం మీద మొదటిసారి నాడె విసరాల్సింది ఇంటి అల్లుడు. నాడె అంటే పోగును ఈ పక్క నుంచి ఆ పక్కకు మోసుకుపోయేది. మా నాయన కొత్త పంచె కట్టుకుని పొద్దుననుంచీ వాకిట్లోనే ఉన్నాడు. బావ రాలేదు. ఆయన మార్కెట్ యార్డులో తూకాల గుమాస్తా. "యార్డులో ఆడిటింగు మామా, మూడు రోజులు కదిలేకి లేదు," అని ఫోన్ చేసినాడు. చివరికి అవ్వే విసిరింది.

అదే వారం ఇంకో నష్టం జరిగింది. పెళ్ళికి నాయన స్వయంగా నేసి బావ భుజం మీద వేసిన పట్టు కండువా మాయమైంది. "మిద్దె మీద ఆరేస్తే కోతి ఎత్తుకపోయింది," అన్నాడు బావ. అక్క అప్పటినుంచీ ప్రతి పొద్దునా మిద్దె ఎక్కి, కనబడిన ప్రతి కోతినీ తిడుతోంది.

ఆ వారం బట్టలు నానబెడుతుంటే బావ చొక్కా జేబులో నాకొక అట్టముక్క దొరికింది. దాని మీద ఇట్లా ఉంది: 'పెనుకొండ షూటింగు. సైనికుడు నం. 214. భోజనం ఒకటి.'

నేను దాన్ని ఆరబెట్టి, ఇస్త్రీ చొక్కా జేబులో మళ్ళీ పెట్టేసినాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

అంటే బావ కష్టం ఇదీ. అక్క ఆ సినిమా చూస్తే ఆడిటింగు బయట పడుతుంది. నాయన దాకా పోతుంది. చూడకుండా ఆపాలంటే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. మరోపక్క, మనిషి బతుకులో మొదటిసారి తెరమీదికి ఎక్కినాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోవడం కన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

శుక్రవారం మొదటి ఆటకు జయరాముణ్ణి తీసుకుని పోయినాడు. ఇంటికి వచ్చేటప్పుడు పెదవి విరవడం మర్చిపోయినాడు. మెట్లు రెండేసి ఎక్కి నేరుగా వంటింట్లోకి దూరినాడు.

"అబ్బబ్బబ్బ! ఏం యుద్ధం ఝాన్సీ! కోట తలుపులు తెరుచుకుంటాయి. మూడొందలమంది సైనికులు! దుమ్ము! హీరో ఇట్ల వస్తాడు..." అట్లకాడ చేతిలోకి తీసుకున్నాడు. "శత్రువు అట్ల వస్తాడు..." మూకుడు మూత డాలైంది. "ఇట్ల ఒక్క వేటు!"

ఉప్పుడబ్బా వీరమరణం పొందింది. వంటింటి గడప అవతల మంచం మీద అవ్వ కాళ్ళు పైకి లాక్కుంది.

"అంత బాగుంటే ఆదివారం అందరం పోదాం," అంది అక్క, చపాతీ వత్తుతూనే.

అట్లకాడ గాల్లో ఆగిపోయింది.

"అబ్బే, వద్దు. ఫ్యామిలీతో చూడదగింది కాదు."

"ఎందుకప్పా?"

"రక్తం. శానా రక్తం."

అవ్వ కల్పించుకుంది. "మారెమ్మ జాతరలో ఎన్ని పొట్టేళ్ళు నా కండ్ల ముందర పడలేదు?"

"మనుషుల తలకాయలు తెగి పడతాయవ్వా!"

"నిజం తలకాయలా?"

"కాదు... రబ్బరువి."

"రబ్బరు తలకాయకు భయపడేదేందప్పా!"

బావ ఇంకో అస్త్రం తీసినాడు. "బూతులుండాయి."

"నువ్వు లారీ డ్రైవర్లతో ఫోన్‌లో మాట్లాడేవి రోజూ వింటానే ఉండాం," అంది అక్క. "వాటికన్నా కొత్తవా?"

బావ నిజాయితీగా ఆలోచించినాడు. "కొత్తవేం కాదు."

"మరి?"

"ఒక పాట ఉండాది."

అవ్వ లేచి కూర్చుంది. "గుడ్డలు తక్కువనా?"

"లేదవ్వా. అందరూ ఇనుప చొక్కాలే. మెడ దాకా."

"ఇంకేమప్పా నీ నొప్పి?" అక్క చపాతీ కర్ర పట్టుకుని ఇటు తిరిగింది. మా బావ చేతిలో అట్లకాడ, మా అక్క చేతిలో కర్ర. పోరాటం సమానమని నాకు అనిపించలేదు.

"సౌండు ఎక్కువ. సుమ చెవులకు మంచిది కాదు."

నేను మాట్లాడే రకం కాదని నా చెవుల మీదికి నెట్టేసినాడు. నేను చెవులు సర్దుకుని పిండి కలుపుతూ కూర్చున్నాను.

అప్పుడు అవ్వ మెల్లగా అడిగింది. "కొండ పైకంటా కనిపిస్తాదా?"

"కనిపిస్తాదవ్వా."

"పైన రెండు బండల నడుమ ఒక దొన ఉండాది. ఎండాకాలంలో కూడా నీళ్ళుంటాయి. పెండ్లయి ధర్మవరం పొయ్యేదాకా మా మేకలకు ఆడే తాపుతాంటి. ఈ మోకాళ్ళతో ఇంక యాడ ఎక్కుతా? తెరమీదన్నా ఒకసారి చూస్తామనుకున్యా. పోనీలే, మంచిది కాదంటాండావు కదా."

బావ అట్లకాడ కింద పెట్టినాడు. ఆయన బడాయి మనిషే గానీ గట్టి మనిషి కాదు.

"దొన కనిపిస్తాదవ్వా," అన్నాడు గొంతు తగ్గించి. "హీరో గుర్రం దాంట్లోనే నీళ్ళు తాగుతాది."

అవ్వ ముఖం చూసి ఇంక బావ నిలవలేకపోయినాడు. అదీకాక ఆయనకొక ధైర్యం కూడా ఉంది. తర్వాత ఆయనే చెప్పినాడు. తెరమీద ఆయన ముఖానికి అతికించిన గడ్డం, పైన మసి. పక్క కుర్చీలో కూర్చున్న జయరాముడే గుర్తు పట్టలేదట. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక బావ రెండూ చేసినాడట.

"సరే, ఆదివారం మ్యాట్నీకి పోదాం. ఒక షరతు. ఇంటర్వెల్ అయినాక ఒక ఘోరమైన చోటు ఉండాది. నేను 'ఇప్పుడు' అంటే అందరూ కండ్లు మూసుకోవల్ల. 'అయిపోయింది' అంటే తెరవల్ల."

"అట్లే కానీ సామీ," అంది అక్క. పెళ్ళయి తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్క మాటకు ఒప్పుకోవడం అదే మొదలు. బావకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆదివారం పన్నెండు గంటలకు తలుపు తెరిస్తే గడపలో మా నాయన. ధర్మవరం నుంచి రైల్లో వచ్చినాడు. చేతిలో కారాసేవు పొట్లం.

"ఝాన్సీ ఫోన్ చేసిందప్పా. అందరూ కత్తుల సినిమాకు పోతాండామంటే పనాపి వస్తి."

బావ రెండడుగులు వెనక్కి వేసినాడు. అయినా గడ్డం, మసి గుర్తు తెచ్చుకుని నవ్వినాడు. "శానా మంచి పని చేసినావు మామా."

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. నలభై ఏళ్ళుగా మగ్గం గుంతలో కూర్చున్న మనిషి. ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండవు. అంచులు గుర్తుంటాయి. ఒకసారి బస్సులో ఒకావిడకు లేచి నమస్కారం పెట్టినాడు. "ఆమె ఎవరు నాయనా?" అంటే, "ఎవరో నాకేం తెలుసు? ఆ గంగాజమున అంచు మనదే," అన్నాడు. ముఖానికి మసి పూసుకుంటే చాలనుకున్న మా బావ, తొమ్మిదేళ్ళుగా నేతగాని అల్లుడై ఉండి కూడా, ఈ ఒక్క సంగతీ లెక్కలోకి తీసుకోలేదు.

హాలు కిటకిటలాడుతోంది. తెరమీద కోట కనబడగానే కాగితం ముక్కలు ఎగిరినాయి. కింద ఎక్కడో ఈల జయరాముడు ఈల వేసినాడు. ఆయనకది నాలుగో ఆట. ధర్మవరం పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి చూసే కొండే, తెర నిండా పరుచుకుంటే ఏదో కొత్త దేశం మాదిరి ఉంది.

"అదో ఆ బండ! ఆడే మా మేక జారిపడె!" అవ్వ అరిచింది. ముందు వరసలో ఒకాయన "ష్" అన్నాడు. గుర్రం దొనలో మూతి పెట్టగానే అవ్వ సీటు అంచుకు జరిగింది. "అదేనప్పా... నీళ్ళు ఇంకా ఉండాయి చూడు." ష్ అన్నాయనే వెనక్కి తిరిగి, "లోతెంత ఉంటాదవ్వా?" అని అడిగినాడు.

నాయన సినిమా వేరు. "రాణి కట్టింది మన సరుకు కాదు, పవర్‌లూమ్," అన్నాడు. తర్వాత, "సేనాధిపతి పంచె అంచు ఉతికితే వెలిసిపోతాది." రాజ్యం పడిపోతున్నా ఆయన దిగులు ఆ అంచు మీదే.

ఇంటర్వెల్ అయింది. ఆట ఇంక ముగుస్తుందనగా కోట తలుపులు తెరుచుకున్నాయి. మూడొందలమంది సైనికులు, మూడొందల గోనెపట్ట తలపాగలు. బావ సీటులోంచి సగం లేచినాడు.

"ఇప్పుడు!"

మేము కళ్ళు మూసుకున్నాం. అది చాలదని బావ ఒక చెయ్యి అవ్వ కళ్ళకు, ఒక చెయ్యి అక్క కళ్ళకు అడ్డం పెట్టినాడు. నాయన కళ్ళకు మూడో చెయ్యి లేదు.

నేను ఒక కన్ను తెరిచినాను. హీరో కత్తి తిప్పినాడు. ఒక గడ్డం సైనికుడు గిరగిరా తిరిగి దుమ్ములో పడ్డాడు. వాడి తలపాగా ఊడి తెర ముందుకు దొర్లింది. అది గోనెపట్ట కాదు. మిరపపండు రంగు పట్టు. రుద్రాక్ష అంచు. అంచు మూలన వెనక్కి తిరిగి చూసే చిలక. తెరమీద ఆ చిలక గున్న ఏనుగంత ఉంది.

"నా చిలక!"

నాయన లేచి నిలబడినాడు. "నిలపండప్పా సినిమా! అది నా కండువా! నా అల్లునికి నేసింది! ఆ చిలక నా చేతిలో తప్ప యాడా పుట్టదు!"

"మామా, అట్లాంటివి శానా ఉంటాయి, కూర్చో..."

"శానా ఎట్లుంటాయి? నేసిందే ఒకటి. కోతి ఎత్తుకపోయిందంటివే, ఇది సినిమావాళ్ళ చేతికి ఎట్ల వచ్చె? కోతి గాదు, దొంగ! ఆ గడ్డపోడే దొంగ! చచ్చినా వదిలేదిల్యా!"

నాయన ధడధడా బయటికి నడిచినాడు. వెనక బావ, ఆయన వెనక అక్క, ఆమె వెనక నేను. అవ్వ మాత్రం కదల్లేదు. "నా కొండ ఇంకా అయిపోల్యా," అంది.

మేనేజరు హనుమంతరాయుడు గదిలో టీ తాగుతున్నాడు. నాయన చెప్పిందంతా విని, ఏం చెయ్యాలో తెలియక ఒక తెల్లకాగితం ఇచ్చినాడు. "రాసియ్యండి పెద్దాయనా. సినిమా కంపెనీకి పంపిస్తాం. అవసరమైతే స్టేషన్‌కు కూడా."

"మల్లికార్జునా, నీ చేతిరాత బాగుంటాది. నువ్వే రాయప్పా," అన్నాడు నాయన. "దొంగ ఆనవాళ్ళు రాయి. మొగం నాకు గుర్తులేదు. నాకు అంచొక్కటే కనపడె."

"నేను చూసినా నాయనా," అంది అక్క నెమ్మదిగా. "ఆయన వేళ్ళ సందులోంచి. నేను చెప్తా, ఈయన రాస్తాడు."

బావ పెన్ను తీసుకున్నాడు.

"మనిషి పొడుగు, ఐదడుగుల ఆరంగుళాలు."

రాసినాడు.

"పొట్ట కొంచెం ముందుకుంటాది."

రాసినాడు. పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"ఎడమ చెవి కింద పుట్టుమచ్చ."

పెన్ను నిదానించింది. మేనేజరు కాగితం చూసి, బావ ఎడమ చెవి చూసి, టీ కప్పు కింద పెట్టినాడు.

"కుడి మోచేతికి మచ్చ. రెండేళ్ళ కిందట పరిగి రోడ్డులో బండి మీద నుంచి పడినప్పటిది. నక్షత్రం కృత్తిక. నిద్రలో ఎడమపక్కకు తిరిగితే గురక పెడతాడు. సైనికుడు నంబరు రెండొందల పద్నాలుగు." అక్క ఊపిరి తీసుకుంది. "రాయప్పా, నిలిపినావేం?"

బావ పెన్నుకు మూత పెట్టినాడు.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు.

"కోతి తీగ మీద కండువాను ఎత్తుకపొయ్యేదయితే, క్లిప్పులు తీసి బుట్టలో వెయ్యదు కదప్పా. ఆ అట్టముక్క చూసినాకనే చొక్కా సుమ ముందర నానెయ్యేకి వేస్తి."

"మరి ఏడాదిగా కోతుల్ని తిడతాంటివే!"

"దొంగమొగమా, పొట్టపోడా, అబద్ధాలపుట్టా అని తిడతాంటి. అవి ఏ కోతికనుకున్యావు?"

నాయన అల్లుడి వైపు చూసినాడు. "అంటే... మగ్గం ఎక్కించిన రోజు ఆడిటింగు?"

బావ తల దించుకున్నాడు. "లేదు మామా. చిన్నప్పటి నుంచి కత్తి పట్టుకోవల్లని ఆశ. మూడొందలమందిలో నేనొకణ్ణి కనపడల్లని నీ కండువా చుట్టుకుంటి. షాట్ అయినాక తలపాగలన్నీ మూటకట్టి లారీలో ఎత్తుకపాయిరి. నాదని అడిగేకి నోరు రాల్యా." కొంచెం ఆగి, "తప్పయింది మామా," అన్నాడు.

నాయన కుర్చీలో కూర్చున్నాడు. పొద్దుననుంచీ వాకిట్లో నిలబడిన ఆ రోజు ఆయన కళ్ళలో కదిలింది. మేనేజరు తన టీ కప్పు ఆయన ముందుకు జరిపినాడు.

అంతలో ఆట వదిలినారు. అవ్వ గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. ముఖం దీపం మాదిరి ఉంది.

"కొండ బలే ఉండాది. యుద్ధం బలే ఉండాది. ఒక్కటే బాగల్యా. ఆ ఎర్ర తలపాగావాడు సరిగ్గా చావల్యా. చచ్చిపడినాక గుర్రాలు వస్తాంటే, చెయ్యి చాపి ఆ గుడ్డను మెల్లగా దగ్గరికి లాక్కున్యాడు. చచ్చినోడు గుడ్డ లాక్కుంటాడా యాడన్నా?"

నాయన బావ వైపు తిరిగినాడు. "నిజమేనా?"

"గుర్రాలు తొక్కుతాయని..." బావ గొణిగినాడు. "పట్టు కదా మామా."

మా నాయన ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"చచ్చినాక కూడా నా గుడ్డను దుమ్ములో వదల్లేదు. దీనికి ఫిర్యాదు ఎట్ల ఇచ్చేది?" అన్నాడు. "వచ్చే ఆదివారం ధర్మవరం రా. గుంతలో కూర్చుని నాడె నువ్వే విసరు. జానెడన్నా నువ్వు నేస్తే, మిగిలింది నేను నేసి కొత్త కండువా ఇస్తా."

బావ పోయినాడు. జానెడు నేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. నాలుగు చోట్ల పోగు తెంపినాడు. అవ్వకు మోకాళ్ళు నయమైనాయి గానీ, ఆమె హిందూపురం వదిలి పోనంది. ఆమెకు ఇక్కడ ఒక ఉద్యోగం దొరికింది.

పోయిన శుక్రవారం ఇంకో కత్తుల సినిమా వచ్చింది. బావ చొక్కా వేసుకుని తల దువ్వుకుంటుంటే అక్క అట్లకాడ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అవ్వ, అక్క, నేను మొదటి ఆటకు పోయినాం. ఈ సారి ఈల జయరాముడి పక్కన మా అవ్వ కూర్చుంది. ఏనుగులు వచ్చినప్పుడు ఆయనకన్నా ఆమే గట్టిగా అరిచింది.

మేము తిరిగి వచ్చేసరికి బావ చపాతీలు కాల్చి, గడపలో నిలబడి ఎదురు చూస్తున్నాడు.

"ఎట్లుండాది అవ్వా?"

అవ్వ చెప్పులు విప్పకముందే పెదవి విరిచింది.

"ఫ్యామిలీతో చూడదగింది కాదప్పా మల్లికార్జునా. రేపు ఇంకోసారి చూసి ఖాయంగా చెప్తాం."